బస్తా పట్టని బండి

మా వైపు ఎవరైనా బండి కొన్నారంటే ధర, మైలేజీ తర్వాత అడుగుతారు. ముందు అడిగేది "బస్తా పడుద్దా?" అని. అడిగేవాళ్లకి పొలం ఉండక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగి అడుగుతాడు, రిటైరైన మాస్టారు అడుగుతారు. కృష్ణా డెల్టాలో బండి అంటే మోసేది. టీవీఎస్ ఎక్సెల్ మీద కాళ్ల దగ్గర ధాన్యం బస్తా, వెనక పచ్చగడ్డి మోపు, ఆ రెంటి మధ్యా ఇరుక్కుని ఒక మనిషి. చుండూరు రోడ్డులో ఏ పొద్దున చూసినా ఇదే. స్ప్లెండర్ అయితే నలుగురి సంసారం. స్కూటీ అయితే కాళ్ల మధ్య గ్యాస్ బండ, హుక్కుకి కూరగాయల సంచి, వెనక అత్తగారు. నా స్కూటీ పద్నాలుగేళ్లు అచ్చంగా ఆ చాకిరీయే చేసింది.

ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, నేను కొన్న బండికి ఆ పరీక్షలో ఒక్క మార్కు కూడా రాదు. యమహా ఆర్15, రెండో వెర్షన్, 2014 మోడల్, నీలం రంగు. కాళ్ల దగ్గర చోటు లేదు, అక్కడంతా ఇంజనూ దాన్ని కప్పిన ప్లాస్టిక్కూ. హుక్కు లేదు. సీటు కింద ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు పట్టే చోటుంటే ఉంది. వెనక సీటు ముందు సీటుతో కలవకుండా విడిగా, ఎత్తుగా, పెద్ద పీట మీద చిన్న పీట వేసినట్టుంటుంది. మా అత్తగారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇదేందమ్మా, దేవుణ్ణి కూర్చోబెట్టే పీటలాగుంది, మనుషులెక్కడ కూర్చునేది?" అన్నారు. నాకు 44 ఏళ్లు. ఆ ప్రశ్నకి అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ జవాబు నాకు తెలుసు. ఎవరూ కూర్చోకూడదనే కొన్నాను.

ఇల్లు తెనాలి. ఉద్యోగం బాపట్ల. అమ్మ రేపల్లెలో, ఒక్కతే. పటం మీద ఈ మూడు ఊళ్లనీ గీతలతో కలిపితే త్రికోణం వస్తుంది. తెనాలి నుంచి రేపల్లె 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మిగతా రెండు వైపులా 50కి కాస్త అటూ ఇటూ. రెండు భుజాలకి రైలుంది. తెనాలి నుంచి బాపట్లకి మెయిన్ లైను, తెనాలి నుంచి రేపల్లెకి బ్రాంచి లైను. మూడో భుజం మీద, అంటే బాపట్ల నుంచి రేపల్లెకి, పట్టాలు లేవు. నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి "కాస్త నలతగా ఉందే" అంటే, రైలు దారిలో నేను మళ్లీ తెనాలి రావాలి, ప్లాట్‌ఫాం మారాలి, జంపని, వేమూరు, భట్టిప్రోలు అని ఒక్కో స్టేషనూ లెక్కపెట్టుకుంటూ పోవాలి. బస్సు ఉంది, దాని వేళ దానిది. కారు మా ఆయన గుంటూరు తీసుకెళ్తారు.

కాబట్టి బండి అవసరం నిజమే. ఆ అవసరానికి ఆర్15 అక్కర్లేదన్నదీ నిజమే. 125 సీసీ స్కూటరు చాలు. ఈ మాట మా ఆయన చెప్పారు, తమ్ముడు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసి మరీ చెప్పాడు, ఆఫీసులో అటెండరు కూడా చెప్పాడు. ముగ్గురి లెక్కా సరైనదే. వాళ్ల లెక్కలో లేనిది ఆ మూడో భుజం మీద నాకు దొరకబోయే గంట. వెనక ఎవరూ లేకుండా, హుక్కుకి ఏదీ వేలాడకుండా ఒక గంట.

నాన్నకి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. 98 సీసీ, టూ స్ట్రోక్ ఇంజను, 11 హార్స్‌పవర్. 1985లో మన దేశంలో మొదలై 1996లో ఆగిపోయిన బండి. ఇవాళ కుర్రాళ్లు దాన్ని వెతికి వెతికి కొని, మెరుగులు దిద్ది, మ్యూజియం వస్తువులా చూసుకుంటున్నారు గానీ మా ఇంట్లో అది ఎద్దుబండికి తమ్ముడు. టాంకు మీద నేను, తర్వాత నాన్న, నాన్న వీపు పట్టుకుని తమ్ముడు, చివర పక్కకి తిరిగి అమ్మ, అమ్మ ఒళ్లో సంచి. ఆ బరువుతో అది మంచి పిల్లలా నడిచేది. అమ్మనీ తమ్ముణ్ణీ ఇంటి దగ్గర దింపేసి పెట్రోలుకని వెళ్లేటప్పుడు మాత్రం నాన్న దాన్ని వేరేగా నడిపేవాడు. సైలెన్సర్ గొంతు మారేది. టాంకు మీద కూర్చున్న నాకు ఆ తేడా తొడల కింద తెలిసేది. ఆ అర కిలోమీటరూ ఆయన ఎవరి నాన్నా కాదు. తొమ్మిదేళ్లొచ్చాక, ఆడపిల్ల అలా కూర్చోకూడదని, నన్ను టాంకు మీంచి దింపేశారు. తమ్ముడికి పదమూడో ఏట క్లచ్ నేర్పించారు. నేను గేర్లు నేర్చుకుంది పెళ్లయ్యాక, మా ఆయన స్ప్లెండర్ మీద.

ఇక కొనడం. అమ్మిన కుర్రాడిది బాపట్లే. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తున్నాడు. 58 వేలకి కుదిరింది. వాళ్లమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చి "బాబుకా అమ్మా?" అన్నారు. కాదండీ నాకేనన్నాను. ఆవిడ నవ్వారు, మళ్లీ నా మొహం చూసి నవ్వాపారు. ఆ తర్వాత ఆ ప్రశ్న చాలామంది అడిగారు. ఫారం 29, ఫారం 30 నింపిపెట్టిన ఏజెంటు, పెట్రోలు బంకులో పిల్ల, చైన్ బిగించిన మెకానిక్కు. "బాబుకా?" అందరికీ ఒకటే జవాబు చెప్పీ చెప్పీ ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను. మా బాబుకి పదిహేడు, వాడికి లైసెన్సు వచ్చేదాకా తాళం నా బ్యాగులోనే ఉంటుంది. వాడికి ఆ విషయంలో నా మీద కోపంగానే ఉంది.

పాత బండి కొంటే మనతోపాటు పాత మనిషి అలవాట్లు కూడా ఇంటికొస్తాయి. ఆ కుర్రాడు బండి గురించి చెప్పినదానికంటే బండి ఆ కుర్రాడి గురించి ఎక్కువ చెప్పింది. ఏపీ 07 నంబరు, అంటే బాపట్ల ఇంకా గుంటూరు జిల్లాలో ఉన్ననాటిది. మీటరులో 31 వేల చిల్లర. వెనక టైరు మధ్యలో చదునుగా అరిగింది, అంచుల్లో రబ్బరు మీద నూగు ఇంకా పోలేదు. అంటే వంపుల్లో వంచి నడిపినవాడు కాదు, తిన్నటి రోడ్డు మీద పోయినవాడు. టాంకు వెనక అంచున బెల్టు బకిల్ గీతలు, అంటే బాగా ముందుకి పడుకుని నడిపాడు. గేరు లివరు రబ్బరు నున్నగా అయిపోయింది. వెనక స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకి కొక్కేల్లా వంగాయి, మెకానిక్కు వాటిని చూపించి "గట్టిగా లాగినాడు మేడమ్ పిల్లోడు" అన్నాడు. వెనక సీటు కుట్లు మాత్రం ఎడంవైపు ఊడి ఉన్నాయి. ఆ ఎత్తు పీట మీద కూడా ఎవరో తరచుగా ఎడంపక్క నుంచి ఎక్కి దిగేవాళ్లన్నమాట. దాని గురించి నేను అడగలేదు, వాళ్లమ్మగారు పక్కనే ఉన్నారు.

మొదటి రోజు బాపట్ల నుంచి తెనాలికి తెచ్చాను. ఊళ్లో ఉన్నంతసేపూ అది నన్ను ఏడిపించింది. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. నా అయిదడుగుల మూడంగుళాలకి రెండు పాదాలూ ఆనవు, మునివేళ్లే. హ్యాండిలు మామూలు బండికుండే కమ్మీ కాదు, ముందు ఫోర్కులకి చెరో పక్కా బిగించిన రెండు పొట్టి ముక్కలు. వాటిని అందుకోవాలంటే వంగాలి. వంగితే ఒంటి బరువు మణికట్ల మీదికొస్తుంది. కాళ్లు చూస్తే వెనక్కి, మోకాళ్లు మడిచి, పెళ్లిభోజనంలో నేలమీద కూర్చోలేక అవస్థపడే పెద్దమనిషిలా. అద్దాల్లో వెనకొచ్చే లారీకంటే ముందు నా మోచేతులే కనిపించాయి. హ్యాండిలు ఎక్కువ తిరగదు, సందులో వెనక్కి మళ్లించడానికి మూడు సార్లు ముందుకీ వెనక్కీ తొయ్యాల్సొచ్చింది. గేర్లు ఒకటి కిందికి, అయిదు పైకి. పైకి వెయ్యాలంటే లివరుని పాదం పైభాగంతో ఎత్తాలి, నేను వేసుకున్నది చెప్పులు. రైల్వే గేటు దగ్గర ఆగితే రేడియేటర్ ఫ్యాను గిర్రున తిరిగి వేడిగాలి మోకాళ్ల మీదికి వదిలింది. ఇలాంటి బండి మీద నిదానంగా పోవడం పనిష్మెంటు.

అప్పికట్ల దాటాక రోడ్డు ఖాళీ అయింది. అప్పటిదాకా 4 వేల ఆర్పీఎం దగ్గర గొణుగుతున్న ఇంజను 6 వేలు దాటగానే గొంతు సవరించుకుంది. కాగితం మీద దీని లెక్కలు నాకు తెలుసు. 149 సీసీ, 17 హార్స్‌పవర్, అదీ 8,500 ఆర్పీఎం దగ్గర. 2008లో మొదటి ఆర్15 వచ్చినపుడు 150 సీసీ బండికి లిక్విడ్ కూలింగూ ఆరు గేర్లూ ఉండటం మన రోడ్లకి కొత్త. ఇప్పుడు 200, 390 సీసీ బండ్ల పక్కన ఇది చిన్నపిల్ల. కానీ ఆ లెక్కల అర్థం ఒంటికి తెలిసేది ఆ 6 వేల మీదే. బలం వెనక నుంచి తోసినట్టుండదు. దారం తీస్తున్నట్టు సన్నగా, ఆగకుండా సాగుతుంది. మీటరులో 70 అని చూసి అంతేనా అనుకున్నాను. స్కూటీ మీద 50కే పళ్లు కదిలేవి. ఇంకో సంగతి, అంతసేపూ నన్ను ఏడిపించిన ఆ వంగుడు ఒక్కసారిగా అర్థవంతమైంది. గాలి ఛాతీని వెనక్కి తోస్తుంటే మణికట్ల మీద బరువు తేలిపోయింది. మోకాళ్లు వాటంతటవే టాంకుని కరుచుకున్నాయి. మా అమ్మ చిన్నప్పట్నుంచీ అనే మాట "ఒళ్లు దగ్గర పెట్టుకుని పో". సైకిలెక్కినా, కాలేజీకెళ్లినా, పెళ్లయి వెళ్తున్నా అదే మాట. ఆ మాటని అక్షరాలా అడిగిన వాహనం నాకిదొక్కటే తగిలింది.

పొన్నూరులో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. పాత బండికి కొత్త పూజ ఏమిటని పూజారి అనలేదు. "బాబు పేరు చెప్పండమ్మా" అన్నారు. నా పేరు చెప్పాను.

ఈ బండి ఫ్రేముని డెల్టాబాక్స్ అంటారు. హెడ్ దగ్గర నుంచి స్వింగ్ ఆర్మ్ దాకా రెండు పక్కలా పోయే పెట్టె లాంటి ఉక్కు దూలాలు, పక్కనుంచి చూస్తే త్రికోణం. గ్రీకు అక్షరం డెల్టా ఆకారం. మనం డెల్టా అనేదీ అందుకే, నది చివర మట్టి ఆ ఆకారంలో పరుచుకుంటుంది కనక. జపాన్‌లో పేరు పెట్టినవాళ్లకి కృష్ణ పడమటి డెల్టాతో ఏ సంబంధమూ లేదు. నాకే, నా మూడు ఊళ్ల త్రికోణం మీద త్రికోణం లాంటి బండి నడుపుతున్నానని సరదా. ఆఫీసులో చెబితే ఎవరూ నవ్వలేదు.

డెల్టాలో స్పోర్ట్స్ బండి నడపడం గురించి చెప్పుకోవాల్సింది ఇంజను కాదు, రోడ్డు మీద ఆరబోసిన పంట. డిసెంబరు, జనవరుల్లో ధాన్యం. రోడ్డులో సగం పరుస్తారు, మిగతా సగం అందరిదీ. అంచున వరసగా రాళ్లు పేరుస్తారు, ధాన్యం ఎత్తుకెళ్లేటప్పుడు రాళ్లు మర్చిపోతారు. ఫిబ్రవరి, మార్చిలో మినుము. పీకిన మినప చెట్లని రోడ్డు మీద వేస్తే మన చక్రాలే వాటిని నూరుస్తాయి. వాటి మీద ముందు బ్రేకు పట్టుకున్నామా, సబ్బు మీద కాలు వేసినట్టే. ఈ బండికి ఏబీఎస్ లేదు. నేను చేసేది, దూరం నుంచే గేరు తగ్గించి, బ్రేకులు ముట్టుకోకుండా, హ్యాండిలు తిన్నగా ఉంచి దాటెయ్యడం. ఆ రైతు మీద నాకు కోపం రాదు. కళ్లం లేదు, చేసుకోడానికి చోటు లేదు, ఉన్న గట్టినేల రోడ్డొక్కటే. ఆ రోడ్డు మీద నేను పోయే పని కంటే అతను చేసే పని పెద్దది. ఇంకో జాగ్రత్త ఆడవాళ్లకి. చున్నీ చైనులో పడకుండా నడుముకి చుట్టి లోపలికి దోపాలి, లేదా ఇంట్లో వదిలెయ్యాలి. నేను వదిలేశాను. బూట్లు కొన్నాను.

మూడో భుజం మీదికి మొదటిసారి వెళ్లింది నేను ఊహించుకున్న తీరులో కాదు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం, సాయంత్రం నాలుగున్నరకి రేపల్లె నుంచి పక్కింటావిడ ఫోను. అమ్మ బాత్రూంలో జారింది, స్పృహలోనే ఉంది, కాలు కదపలేకపోతోంది. మేనేజరుకి చెప్పి బయటపడేసరికి పావు తక్కువ అయిదు. కర్లపాలెం, చందోలు, చెరుకుపల్లి. సముద్రం కుడివైపు ఎక్కడో ఉంది, కనపడదు, గాలి మాత్రం ఆ పక్కనుంచే. చెట్లున్నచోట బండి తిన్నగా పోతుంది, చెట్లు అయిపోయి పొలాలు రాగానే గాలి ఒక్క తోపు తోస్తుంది. 136 కిలోల బండి, నేను ఓ 60. నేను కోరుకున్న గంట ఇదే, వెనక ఎవరూ లేరు, హుక్కుకి ఏదీ లేదు. కానీ బండి మీద అమ్మ తప్ప ఇంకేమీ లేదు. అంత హడావిడిలోనూ 80 దాటలేదు. నా మంచితనం కాదు, గేదెలు ఇంటికి మళ్లే వేళ. ఒక చోట మలుపు తిరగ్గానే అడ్డంగా ఏడెనిమిది. రెండు బ్రేకులూ కలిపి పట్టాను, వెనక చక్రం కొంచెం పక్కకి జరిగి మళ్లీ దారిలోకొచ్చింది. గేదె ఒకటి ఆగి, హెడ్‌లైట్ వంక చూసి, దాని నడక అది నడిచింది.

రేపల్లె చేరేసరికి చీకటి పడుతోంది. అమ్మ కుర్చీలో ఉంది, తుంటి దగ్గర చెయ్యి పెట్టుకుని. నన్ను చూడగానే అన్న మొదటి మాట "ఆ బూట్లేందే?"

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆటో పిలిచాం. పక్కింటావిడ అమ్మని పట్టుకుని ఎక్కింది, సీటంతా అమ్మ కాలు చాపుకోడానికే సరిపోయింది, నాకు చోటు లేదు. వాళ్ల వెనక నేను బండి మీద. గతుకులు తగిలితే అమ్మకి నొప్పని ఆటో అతను నడిచినంత మెల్లగా పోతున్నాడు. ఫస్ట్ గేరు, సగం క్లచ్, మణికట్లు లాగేస్తున్నాయి, ఫ్యాను గిర్రున తిరుగుతోంది, ఇంజను కింద కాళ్లు మాడుతున్నాయి. 8,500 ఆర్పీఎం దగ్గర బతకాల్సిన బండిని ఆ రాత్రి రేపల్లె బజారులో ఆటో వెనక నడిపినట్టు ఎక్కడా ఎవరూ నడిపి ఉండరు. ఆటో పక్క కమ్మీని పట్టుకున్న అమ్మ చెయ్యి మాత్రం నా హెడ్‌లైట్‌లో స్పష్టంగా కనపడుతోంది. రెండు గాజులు, ఉబ్బిన నరాలు. గుంట వచ్చినప్పుడల్లా ఆ వేళ్లు బిగుసుకునేవి. నా స్కూటీ ఉంటే ఆమెని ఎక్కించుకోగలిగేదాన్నా అని ఆలోచించాను. ఆ కాలుతో స్కూటీ కూడా ఎక్కలేదు. అయినా ఆలోచన ఆసుపత్రి గేటు దాకా వదల్లేదు.

ఎముక విరగలేదు. ఎక్స్‌రే చూసి, మూడు వారాలు విశ్రాంతి అన్నారు. నేను నాలుగు రోజులు సెలవు పెట్టి ఉండిపోయాను. బండి వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. అమ్మ మంచం మీంచి కిటికీలోంచి దానివైపే చూస్తుండేది. రెండో రోజు, "మీ నాన్నదాని కంటే బలమైందా?" అంది. ఒకటిన్నర రెట్లు అన్నాను. "ఆయన పెట్రోలుకని వెళ్లి అంతసేపు ఎందుకు రాడో నాకు తెలవదనుకునేవాడు" అంది. నేనేమీ మాట్లాడలేదు. ఆ అర కిలోమీటరు సంగతి నాకూ నాన్నకూ మాత్రమే తెలుసని ముప్పై అయిదేళ్లు అనుకున్నాను.

ఇప్పుడు శనివారాలు ఆఫీసు సగం పూటకే వదిలితే అటునుంచటే రేపల్లె. ఆదివారం సాయంత్రం రేపల్లె నుంచి భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి. స్ప్రాకెట్లు, చైను మార్పించాను, 4 వేలయింది. బండి చప్పుడు తగ్గింది. లీటరుకి 40 దాకా ఇస్తోంది. మణికట్లు ఇప్పుడు నొప్పి పెట్టడం లేదు, మెడ మాత్రం ఆదివారం రాత్రికి పట్టేస్తుంది. టైరు అంచుల్లో ఆ కుర్రాడు వదిలేసిన నూగులో ఎడమవైపు కొంచెం అరిగింది. భట్టిప్రోలు తర్వాత ఎడమకి తిరిగే ఒక పొడుగాటి వంపు ఉంది, దాని పుణ్యం.

మొన్న ఆదివారం అమ్మ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే బండి చుట్టూ తిరిగి, టాంకు మీద చెయ్యి వేసి, వెనక సీటు నొక్కి చూసి, "దీనికి ఒక సంచీ తగిలించుకునే గతి కూడా లేదు" అని లోపలికెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో గోంగూర పచ్చడి సీసా, మూతకి పాలిథిన్ కట్టి, పాత తువ్వాలులో చుట్టి. వద్దంటే వినే మనిషి కాదు. నా వీపుకున్న బ్యాగు జిప్పు తనే తీసి, అడుగున బట్టల మధ్య నిలబెట్టి, మళ్లీ జిప్పు వేసి, పైనుంచి రెండు సార్లు తట్టింది.

వేమూరు దాకా అదక్కడున్నట్టే తెలియలేదు. ఆ తర్వాత కాలవ మలుపులో బండి కుడికి వంచితే, నేను వంగిన అర క్షణానికి సీసా కూడా నా వెన్నుని ఆనుకుని అటే వంగింది.